కత్తి మూసేదాకా

కసిమీర్ ముసలాయన తన మడత కత్తిని టప్పున మూశాడంటే ఆ ఇంట్లో భోజనం అయిపోయినట్టే. గిన్నెలో సూపు మిగిలినా, చేతిలో రొట్టె మిగిలినా లేవాల్సిందే. నోట్లో ముద్ద ఉన్నవాడు ఆ ముద్దతోనే లేచి, నములుకుంటూ పనికి పోవాలి. ఓబ్రాక్ కొండ మీద చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. కాకపోతే తక్కిన ఇళ్ళలో యజమానులు కాస్త నిదానంగా తింటారు. కసిమీర్ మాత్రం వెనకాల ఎవరో తరుముతున్నట్టు తినేవాడు. అందుకని ఆ ఇంటి పాలేరు ఉర్బేన్‌కి కడుపునిండా తిన్న మధ్యాహ్నాలు బహు తక్కువ. అతనికి పళ్ళు సగం లేవు, దవడ ఒక పక్క సరిగ్గా తెరుచుకోదు. రొట్టె నానబెట్టుకుని, నమిలి, మింగేసరికి అవతల కత్తి మూత పడేది.

శీతాకాలం చివర ముసలాయనకి పక్షవాతం వచ్చింది. పట్నం ఆసుపత్రిలో ఆయన మంచాన పడి ఉన్నన్నాళ్ళూ ఇక్కడ బల్ల దగ్గర ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు. ఉర్బేన్‌కి ఒళ్ళు వచ్చింది. ప్యాంటుకి నడుం దగ్గర కట్టుకునే తాడు వదులు చేసుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి పైకి అంటే పాపం తగులుతుందని ఎవరితోనూ అనలేదు గానీ, రాత్రి పడుకునేటప్పుడు పొట్ట మీద చెయ్యి వేసుకుని సంతోషించిన మాట నిజం.

గడ్డి కోతలు మొదలవుతాయనగా ముసలాయన ఇంటికి వచ్చాడు. వచ్చిన రోజే మధ్యాహ్నం బల్ల తలాపున తన కుర్చీలో కూర్చున్నాడు. కుడి చెయ్యి తనది కాదన్నట్టు ఒళ్ళో పడి ఉంది. ఒక పక్క కొడుకు రెమీ, ఎదురుగా కోడలు ఒడీల్, బల్ల చివర తలుపు దగ్గర ఉర్బేన్. సూపు అయ్యాక ముసలాయన ఎడమ చెయ్యి కుడి జేబులోకి పోనిచ్చి, చాలాసేపు తడిమి, కత్తి తీశాడు. పిడి మోకాళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలి గోరు గాడిలో పెట్టి లాగాడు.

"ఇటివ్వండి నాన్నా, నేను తెరుస్తా," అన్నాడు రెమీ.

"నీ రొట్టె నువ్వు తిను."

ఇసకలో లాగినట్టు కరకరమంటూ కత్తి తెరుచుకుంది. దాన్ని చూసి ఉర్బేన్ చేతిలో రొట్టె కింద పెట్టాడు. ఆ కత్తి అలుగు అతనికి ఎంతో కాలంగా తెలుసు. పావురం మెడలా నలుపూ నీలం కలిసిన రంగు దానిది. ఉల్లిపాయలు కోసి, ఆపిల్ పళ్ళు కోసి, మాంసం కోసి, ప్రతిసారీ రొట్టె ముక్కతో తుడిచి తుడిచి వచ్చిన రంగు. ఇప్పుడు దాని మీద ఎర్రగా పొక్కులు లేచి ఉన్నాయి.

"ఇదేంటయ్యా ఇలా అయింది?" అని అడిగాడు ఉర్బేన్.

"ఆసుపత్రిలో ఒక పిల్ల. నల్లగా ఉందని మురికనుకుంది కాబోలు. వేడినీళ్ళలో వేసి రుద్ది, తడిగుడ్డలో చుట్టి సంచీలో పెట్టింది. మంచిపిల్లే."

"తడిగుడ్డలోనా?" అన్నాడు ఉర్బేన్.

ముసలాయన ఎడమచేత్తో మెల్లగా తిన్నాడు. అయినా అందరికంటే ముందే అయిపోయింది. అలవాటు ప్రకారం అలుగుని రొట్టె ముక్కతో ఆ పక్కా ఈ పక్కా తుడిచాడు. రొట్టె ఇటుకరంగుకి తిరిగింది. దాన్ని పక్కన పెట్టి కత్తి మూయబోయాడు. కదల్లేదు. పిడి బల్లకి ఆనించి నొక్కాడు. ఛాతీతో అదిమాడు. మెడ మీద నరం ఉబ్బింది గానీ లోపలి స్ప్రింగు లొంగలేదు.

ఎవరూ లేవలేదు. ఒడీల్ ఖాళీ గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. రెమీ కిటికీలోంచి పడమటి మబ్బుని చూశాడు. ఉర్బేన్ ఒక్కడే తలొంచుకుని తింటున్నాడు. మాంసం తిన్నాడు, చీజ్ ఇంకో ముక్క కోసుకున్నాడు, గిన్నె రొట్టెతో తుడుచుకున్నాడు. అన్నీ అయ్యాక గాని తను ఇంతసేపు ఎలా తినగలిగాడో అతనికి తట్టలేదు. తలెత్తి చూస్తే ముసలాయన నుదుటి మీద చెమట.

"సరే, పదండి. పని చూసుకుందాం," అంటూ రెమీ లేచాడు.

ఆ ఇంట్లో భోజనం నోటిమాటతో ముగియడం అదే మొదలు. ముసలాయన తెరిచిన కత్తి ముందు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. పశువులపాక దాకా నడిచినా ఉర్బేన్‌కి ఆ మొహమే కళ్ళలో మెదిలింది.

మర్నాడు రెమీ సంతకి వెళ్ళి, అట్టపెట్టెలో బల్లకత్తులు కొనుక్కొచ్చాడు. తళతళలాడే స్టెయిన్‌లెస్ కత్తులు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒడీల్ పళ్ళేల పక్కన వాటిని వరసగా పెట్టింది. ఉర్బేన్ పళ్ళెం పక్కన కూడా ఒకటి పెట్టింది.

"వీటికి తుప్పు పట్టదు నాన్నా. వేడినీళ్ళలో కడిగినా, మర్చిపోయి వదిలేసినా ఏం కాదు. తెరవక్కర్లేదు, మూయక్కర్లేదు."

"సాన పడుతుందా?"

"సాన ఎందుకు? పోతే ఇంకోటి కొనుక్కుంటాం."

ముసలాయన ఆ కత్తి అంచు మీద బొటనవేలు అడ్డంగా పెట్టి చూసి, కింద పెట్టేశాడు. ఉర్బేన్ అప్పటికే అలవాటుగా జేబులోంచి తన కత్తి తీసి తెరిచాడు.

"నువ్వు కూడా ఆ నల్లముక్క లోపల పెట్టెయ్ ఉర్బేన్," అన్నాడు రెమీ నవ్వుతూ. "కొత్తది ఇచ్చాంగా. దానిమీదెందుకు బెంగ?"

ఉర్బేన్ తన కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. మొదటి కూలి డబ్బులతో కొనుక్కున్న కత్తి అది. కొమ్ము పిడి అరిగి తన అరచేతికే సరిపోయేలా తయారైంది. పాలేరుకి పడక యజమానిది, దుప్పటి యజమానిది, గిన్నె యజమానిది. బల్ల దగ్గర తనదంటూ తెచ్చుకునేది ఆ ఒక్కటే. కొత్తకత్తి మాంసం మీద జారింది. అది కోయడంలేదు, నలిపేస్తోంది. ఉర్బేన్ అయినా తిన్నాడు. కడుపునిండా తిన్నాడు. టప్పుమనే చప్పుడు లేని భోజనం ఎంతసేపైనా సాగుతుంది కదా.

ముసలాయన ఏమీ ముట్టుకోలేదు. కాసేపటికి ఒడీల్ లేచి వచ్చి, ఆయన పళ్ళెం తన వైపు లాక్కుని, మాంసం చిన్నచిన్న ముక్కలు కోసి, మళ్ళీ ముందుకు జరిపింది.

"తినండి మామయ్యా. చల్లారిపోతోంది."

ఆమె మంచి మనసుతోనే చేసింది. అదే మరీ కష్టంగా తోచింది ఉర్బేన్‌కి.

సాయంత్రం ఉర్బేన్ పాక బయట రాతి మీద కూర్చుని, పొడవాటి గడ్డికొడవలి అంచుని చిన్నసుత్తితో పల్చగా కొట్టుకుంటున్నాడు. ముసలాయన కర్ర ఊతంతో, కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. కోటు లోపల్నుంచి, తెరిచి ఉండగానే జేబురుమాల్లో చుట్టిన కత్తి తీసి అతని పక్కన పెట్టాడు.

"ఇది చూడరా."

ఉర్బేన్ విప్పి వెలుతురుకి తిప్పాడు. కీలు దగ్గర తుప్పు గడ్డకట్టింది. అలుగు మీద మాత్రం పైపైనే ఉంది, లోపలికి తినలేదు.

"రెమీబాబుకి చూపించకపోయారా?"

"వాడు పారేయమంటాడు."

"ఏం చేయమంటారు మరి?"

"మూతపడేలా చెయ్యి. ఈ చేత్తో." ఎడమచెయ్యి కాస్త పైకెత్తాడు. "ఆదివారానికి ఇవ్వగలవా?"

"చూస్తానయ్యా."

"తళతళలాడించకు."

"నాకు తెలీదా?"

ముసలాయన అది విని తల ఊపి, వచ్చిన దారినే వెళ్ళాడు. ఆయన తనని ఏదైనా అడగడం ఉర్బేన్ ఎన్నడూ ఎరగడు. చెప్పడమే ఎరుగును.

ఆ కత్తి తీసుకెళ్ళి గడ్డి అటక మీద, తన పరుపు పక్కన ఉన్న చెక్కపెట్టెలో పడేసి మూత వేశాడు. కీలు మీద రెండు చుక్కలు కిరసనాయిలు వేస్తే నానుతుంది. ఆ పని చేయడానికి ఎంతసేపు పడుతుంది? కానీ చేయలేదు. చేస్తే కత్తి మూతపడుతుంది. మూతపడితే తన సగం కూడు పళ్ళెంలోనే ఉండిపోతుంది. ఈ లెక్క అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. స్ప్రింగు విరిగిపోయిందయ్యా, ఇంక లాభం లేదు అంటే ముసలాయన నమ్ముతాడు. ఎవరికి తెలుస్తుంది? వయసులో ఉన్నప్పుడు ఆకలికి ఓర్చుకున్నాడు. ఇప్పుడు ఓపిక లేదు. మధ్యాహ్నం ఎండలో కొడవలి విసురుతుంటే కళ్ళు బైర్లు కమ్మడం, సాయంత్రం దాకా కడుపులో ఎలకలు పరిగెత్తడం మళ్ళీ మొదలవుతాయి. నాకేం పట్టింది అనుకున్నాడు. ఆ మాట రెండుసార్లు అనుకున్నాడు.

శనివారం బల్ల దగ్గర ముసలాయన అతని వైపు చూశాడు. అడగలేదు, ఊరికే చూశాడు.

"ఇంకా కాలేదయ్యా, నానుతోంది," అన్నాడు ఉర్బేన్. అబద్ధం నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది.

"ఏం నానుతోంది?" అని అడిగాడు రెమీ.

ఉర్బేన్ రొట్టె అందుకున్నాడు. ఒడీల్ ముసలాయన పళ్ళెం లాక్కుని ముక్కలు కోయడం మొదలుపెట్టింది. ఇవాళ ఆయన మెడకి తుండుగుడ్డ కూడా చుట్టింది. ఆయన వద్దనలేదు. ఆసుపత్రిలో అలవాటైనట్టుంది. నోరు తెరిచి ఆ ముక్కలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ కిటికీ వైపు చూశాడు. ఎద్దులకి, కూలీలకి, కొడుక్కి, అందరికీ ఎప్పుడు ఆగాలో తనే చెప్పిన మనిషి, ఎవరో తన ముందు నుంచి పళ్ళెం తీసేస్తే అయిపోయిందని తెలుసుకుంటున్నాడు. ఉర్బేన్ ముందు మాంసం ఇంకా ఉంది, టైమూ ఉంది. అయినా పళ్ళెం పక్కకి జరిపాడు. తన మీద తనకే కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నన్ను అర్ధాకలితో లేపినవాడి మీద జాలేంటి అనుకున్నాడు. కోపం వచ్చినా జాలి పోలేదు.

ఆదివారం పొద్దున ఇంట్లోవాళ్ళు బండి కట్టుకుని చర్చికి వెళ్ళారు. పశువుల కోసం ఎవరో ఒకరు ఉండాలి, ఆ ఒకరు ఎప్పుడూ ఉర్బేనే. పాలు పితికి, పేడ ఎత్తి, చేతులు కడుక్కుని కత్తి తీశాడు.

కీలులో కిరసనాయిలు వదిలి, ఎండలో పెట్టాడు. కాసేపటికి కాఫీరంగు తుప్పునీరు కారింది. దూదితో తీసి మళ్ళీ వేశాడు. పొయ్యి లోంచి మెత్తటి బూడిద జల్లెడ పట్టి, సీసా బిరడాకి తడి బూడిద అద్ది అలుగు మీద రుద్దాడు. గట్టిగా రుద్దకూడదు. ఎరుపు పోవాలి, నలుపు మిగలాలి. ఎరుపు ఉక్కుని తింటుంది, నలుపు కాస్తుంది. ఆ ఆసుపత్రి పిల్లకి తెలియనిది అదే, తెలియడానికి ఆ పిల్ల దీనితో అన్నం తినలేదు కదా. పొక్కులు ఒక్కొక్కటే ఊడాయి. అడుగున నీలిమచ్చలు బయటపడ్డాయి. రెండు చోట్ల గుంటలు మాత్రం మిగిలాయి, అవి ఇంక పోవు.

తర్వాత సానరాయి మీద ఉమ్మి, అలుగు పెట్టాడు. రాయి ఏదైనా ఈ ఉక్కు పట్టుకుంటుంది. పొలం గట్టు మీద దొరికిన రాయి అయినా సరే, గుర్రాల లాయం గడప అయినా సరే. నూరుతుంటే సన్నగా పలుకుతుంది, ఎంత పదును వచ్చిందో వేలికి తెలిసేలోపే చెవికి తెలుస్తుంది. కొత్తదానిలా అది ఒంటరిగా బతకలేదు. రోజూ తుడవాలి, నూనె రాయాలి, తడిలో వదలకూడదు. అలా కనిపెట్టుకుని ఉన్నవాడికి అలవాటైపోతుంది. నూరి నూరి ఈ అలుగు సగానికి సన్నబడింది. ఆ అరిగిపోయిన భాగమంతా కసిమీర్ బతుకే. ఉర్బేన్ చేతి వెంట్రుకల మీద ఆనించి చూశాడు. చప్పుడు లేకుండా తెగాయి.

ఇంక స్ప్రింగు మిగిలింది. ఇక్కడ చెయ్యి ఆగింది. తుప్పు వదిలాక అది మూతపడుతోంది గానీ, రెండు చేతులున్నవాడికే. ఇలాగే ఇచ్చేస్తే తను పని చేసినట్టే, ఆయన మూయలేనట్టే. ఎవరి తప్పూ ఉండదు. చాలాసేపు కత్తిని అలా పట్టుకుని కూర్చున్నాడు. ఆపైన సన్నటి ఆకురాయి వెతికి తీసి, కీలు దగ్గర స్ప్రింగుకి ఆనే అలుగు మడమని కొద్దికొద్దిగా అరగదీశాడు. అరగదీసి, అక్రోటు నూనె చుక్క వేసి, ఎడమచేత్తో మూసి చూశాడు. ఇంకాస్త తీశాడు. చివరికి అరచెయ్యి ఆనిస్తే చాలు, టప్‌మంది.

బండి దిగుతున్న ముసలాయన చేతిలో కత్తి పెట్టాడు. ఆయన చూడను కూడా చూడకుండా జేబులో వేసుకున్నాడు. వేళ్ళు మాత్రం జేబులోనే ఉండిపోయాయి.

ఆ మధ్యాహ్నం ఉప్పులో ఊరిన పందిమాంసం, క్యాబేజీ, బంగాళాదుంపలు. మాంసం పీచుపీచుగా ఉంది. ముసలాయన కత్తి మోకాళ్ళ మధ్య పెట్టి తెరిచాడు, మెత్తగా తెరుచుకుంది. తుండుగుడ్డ పట్టుకుని వచ్చిన ఒడీల్‌ని చూసి తల అడ్డంగా ఊపాడు. మాంసం తనే కోసుకున్నాడు. ఒంటిచేత్తో నొక్కితే చాలు, బరువుకే తెగింది. ఆయన మొహంలోకి రంగు వచ్చింది. పాత తొందర కూడా వచ్చింది. ఉర్బేన్ అది చూసి తన పళ్ళెం మీద పడ్డాడు. పెద్ద ముక్కలు మింగబోతే దవడ పట్టేసింది.

ముసలాయన అలుగు రొట్టెతో తుడిచాడు. రొట్టె తెల్లగానే ఉంది. ఆ ముక్క నోట్లో వేసుకుని, అరచేత్తో కత్తి నొక్కాడు.

టప్.

ఉర్బేన్ లేచి నిలబడ్డాడు. కాళ్ళు వాటంతట అవే లేచాయి. పళ్ళెంలో సగం మాంసం, దుంపలు రెండూ అలాగే ఉన్నాయి. టోపీ చేతికి తీసుకున్నాక గాని, తను ఒక్కడే నిలబడ్డానని అతనికి తెలియలేదు.

ఒడీల్ సగం లేచి, మొగుడి మొహం చూసి కూర్చుంది. రెమీ తలెత్తకుండా తింటున్నాడు. అతని కొత్త తెల్లకత్తి పళ్ళేనికి తగిలి గీరుకుంటోంది.

"రెమీ," అన్నాడు ముసలాయన.

"మా భోజనం ఇంకా కాలేదు నాన్నా." గొంతు పెంచలేదు. "పదేళ్ళప్పుడు కూడా ఇలాగే లేచేవాణ్ణి, సగం ఆకలితో. బడిలో కడుపు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇంక లేవను. ఒడీల్ కూడా లేవదు." ఉర్బేన్ వైపు తిరిగాడు. "నువ్వెందుకు లేచావ్? కూర్చుని తిను. ఎవరాపుతున్నారు నిన్ను?"

ఇన్నేళ్ళుగా ఉర్బేన్ ఏ మాట వినాలని కోరుకున్నాడో ఆ మాటే అది. బెంచీ కాలికి తగులుతోంది, మోకాళ్ళు వంచితే చాలు. మాంసం వాసన ముక్కుకి కొడుతోంది. అయినా కూర్చోలేదు. కూర్చుంటే ఆ చప్పుడుకి లేచేవాడు ఈ ఇంట్లో ఒక్కడూ ఉండడు. అలాగని బయటికి పోనూ లేదు. టోపీ నలుపుతూ ముసలాయన వైపు చూస్తూ నిలబడ్డాడు.

ముసలాయన కూడా అతన్నే చూశాడు. ఆ చూపు మెల్లగా అతని పళ్ళెం మీదికి దిగింది. సగం మాంసం, రెండు దుంపలు. ఈ పళ్ళెం ఆయన ఎన్నిసార్లు చూసి ఉంటాడో, ఒక్కసారీ చూడలేదో మరి.

ఆయన కత్తిని ఒళ్ళోకి తీసుకున్నాడు. మోకాళ్ళ మధ్య పెట్టి, గోటితో మళ్ళీ తెరిచాడు. తెరిచి బల్ల మీద తన ముందు పెట్టాడు.

"కూర్చోరా. తిను."

ఉర్బేన్ కూర్చున్నాడు. కాసేపటికి రెమీ భోజనం అయింది, నోరు తుడుచుకుని గడ్డి చూసి వస్తానంటూ బయటికి వెళ్ళాడు. ఒడీల్ గిన్నెలు సర్దుకుని వెనకగదిలోకి పోయింది. బల్లకి ఈ చివర పాలేరు, ఆ చివర యజమాని మిగిలారు.

ఉర్బేన్ తెల్లకత్తి పక్కన పెట్టి, జేబులోంచి తనది తీసి, మాంసం సన్నగా పీచుకి అడ్డంగా కోసుకున్నాడు. ఒక పక్క పెట్టుకుని నమిలాడు. మరో పక్కకి మార్చి నమిలాడు. రొట్టె క్యాబేజీ రసంలో ముంచి, నానేదాకా ఆగాడు. ఎదుటివాడు చూస్తున్నాడని మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత ఆ సంగతి మర్చిపోయాడు. ముసలాయన మాత్రం కదల్లేదు. ఏ పనీ లేకుండా, తినకుండా, బల్ల దగ్గర ఇంతసేపు కూర్చోవడం ఆయనకి బహుశా ఇదే మొదటిసారి.

"ఇంతసేపు పడుతుందా నీకు?" అన్నాడు చివరికి.

"పడుతుందయ్యా."

"ఎప్పట్నుంచి?"

"ఆ ఎర్రావు దవడ మీద తన్నింది చూడండి, అప్పట్నుంచి."

ఆ రోజు ఆవు తల పట్టుకున్నది ముసలాయనే. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టుకున్నాడు.

"నాతో ఎప్పుడూ చెప్పలేదేం?"

ఉర్బేన్ నోట్లో ముద్ద ఉంది. అది నమిలి మింగేదాకా ముసలాయన ఆగాడు.

"చెప్పేలోపే మూసేసేవారు కదయ్యా," అని, ఉర్బేన్ రెండో దుంప కోసుకున్నాడు.